నాగన్న అడిగిన బరువు ములుకు

పెనుకొండలో మా కొలిమి శ్మశానానికి పోయే దోవ పక్కనే ఉండేది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఎన్నో పాడెలు మా ముందు నుంచే పోయాయి. అట్లా పోయినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రావడం నేను చూడలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దయ్యాల మాటలు మొదలుపెడితే నేను లేచిపోయి బొగ్గులు ఏరుకునేదాన్ని. ఈ రోజుకూ వాటిని నమ్ముతున్నానని చెప్పలేను. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక పొద్దున మా కొలిమిలో జరిగింది మాత్రం జరిగింది. మూడో తరగతి దాకా చదివాను కాబట్టి నా చేత్తోనే రాస్తున్నాను.

నా భర్త వీరాచారి కమ్మరి. ఆయన కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి కొడుతుంటే, నేను తిత్తి ఊదేదాన్ని. పెద్ద పని వస్తే సమ్మెట కూడా ఎత్తేదాన్ని. కమ్మరి ఇంటి ఆడదానికి అది మామూలే.

నాగన్న వేటగాడు. గోరంట్ల దోవలో కొండ కింద బోయల పల్లెలో ఉండేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. తుపాకీతో కొడితే ఆ మోతకు ఫారెస్టు గార్డు దిగుతాడని వాళ్ళంతా విల్లుతోనే వేటాడేవాళ్ళు. బాణాల మొనకు తొడిగే ఇనుప ములుకులు మా దగ్గరే చేయించుకునేవాడు.

ఆ ఏడు కూడా వానలు పడలేదు. అంతకు ముందు ఏడూ లేవు. రాగులు వేసిన చేలు చేతి ఎత్తు కూడా పెరగకుండానే ఎండిపోయాయి. కొండ మీద ఊట దగ్గరికి ఒక కణుజు వస్తోందని, దాన్ని కొట్టగలిగితే పల్లె మొత్తం మాంసం ఎండబెట్టుకుని కొన్నాళ్ళు గడుపుతుందని నాగన్న చెప్పాడు. కణుజు అంటే మన పొలాల్లోకి వచ్చే జింక లాంటిది కాదు. ఎద్దంత ఉంటుంది. కొమ్ములు చెట్టు కొమ్మల్లాగా ఉంటాయి.

నాగన్న మూరెడు గడ్డపార ముక్క తెచ్చాడు. వాళ్ళ తాత కాలం నాటిది, నడిమికి విరిగింది. ఆ రోజుల్లో ఇనుము యుద్ధానికే పోయేది. హిందూపురం అంగళ్ళలో పాత గొలుసు ముక్క కూడా దొరికేది కాదు. అలాంటప్పుడు అంత మంచి ఇనుము చూసి మా ఆయన కళ్ళు దాని మీదనే ఉండిపోయాయి.

"దీంట్లో నాలుగు ములుకులు చేసియ్యి ఆచారీ. మిగిలిందంతా నువ్వే పెట్టుకో" అన్నాడు నాగన్న.

ఎట్లాంటివి కావాలో వివరంగా చెప్పాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"కుందేలుకైతే తేలిక బాణం సాలు. బిరీన పోతాది. కణుజుకు అది పనికిరాదు. ఎముక తగిలితే ఆడే నిల్చిపోతాది. బరువు బాణం నిదానంగా పోతాది గానీ, ఆ పక్క తేలేదాకా నిలవదు. ములుకు మరీ వెడల్పొద్దు. వెడల్పుది తోలు బాగా కోస్తాది, పక్కటెముకల సందున దూరదు. వేలెడు వెడల్పు, నడుమ వెన్ను మందంగా ఉండల్ల."

తర్వాత తన బాణం ఒకటి తీసి చూపుడువేలు మీద అడ్డంగా నిలబెట్టాడు. బోలు లేని గట్టి వెదురు, వెనక రాబందు ఈకలు. అది మొన వైపుకు ఒరగాలని, మొన బరువుంటేనే బాణం తిన్నగా పోతుందని చెప్పాడు. నేను తిత్తి తాడు పట్టుకుని అట్లాగే వింటూ ఉండిపోయాను. ఒక పని మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి మాట్లాడుతుంటే వినబుద్ధి అవుతుంది.

అతను పోయాక మా ఆయన గడ్డపార ముక్కను నీళ్ళ తొట్టి వెనక దాచాడు. మూలన పడి ఉన్న నూనె పీపా పట్టీ, పలచటి మెత్త ఇనుము, తీసి కొలిమిలో పెట్టాడు. పెద్ద రైతు ఒకాయన నాగలి కర్రులు అడిగి ఉన్నాడు. గడ్డపార మొత్తం వాటికే కావాలని ఆయన ఆలోచన.

"ఇదేంది?" అన్నాను.

"వాడు కొట్టేది జంతువును, రాతిని కాదు. నువ్వు ఊదు" అన్నాడు.

నేను ఊదాను. ఆ రోజు నేను ఊదకపోతే ఆ ములుకులు తయారయ్యేవి కావు. ఇది నేను ఎన్నోసార్లు అనుకున్నాను, ఎవరితోనూ అనలేదు.

పట్టీని రెండు మడతలు వేసి, కొట్టి, మందంగా కనిపించేట్టు చేసి, నూనెలో ముంచి నల్లగా తేల్చాడు. చూపుకు బాగానే ఉన్నాయి. నాగన్న వచ్చి ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని ఎత్తి చూశాడు.

"తేలిగ్గా ఉండాయే ఆచారీ."

"సాన పట్టినాక తగ్గుతాది. ఇనుము నీదే అబ్బీ."

నాగన్న నా వైపు తిరిగాడు. "ఏమక్కా, సాలునా ఇవి?"

నేను నిప్పు వైపు చూస్తూ, "సాలులే" అన్నాను.

అతను నవ్వి వాటిని గుడ్డలో చుట్టుకుని పోయాడు. ఆచారి మాట కాదు, నా మాట విని పోయాడు.

ఐదారు రోజుల తర్వాత సంగతి. మా ఆయన పొద్దున రైలుకు కొడవళ్ళు తీసుకుని హిందూపురం సంతకు పోయాడు. ఎండ బాగా ఎక్కింది. నేను కొలిమిలో నిన్నటి బూడిద తీసి కొత్త బొగ్గులు పోస్తున్నాను. తల ఎత్తేసరికి నాగన్న పందిరి కింద నిలబడి ఉన్నాడు. భుజం మీది గుడ్డ చినిగి ఉంది. ఒంటికి ఎర్రమన్ను అంటుకుని ఉంది. వేట నుంచి వచ్చిన మనిషి అట్లాగే ఉంటాడు. నాకేమీ వింతగా అనిపించలేదు.

అరచెయ్యి చాపాడు. అందులో ఒక ములుకు ఉంది. మొన వెనక్కి తిరిగి, ఎండుటాకు లాగా చుట్టుకుపోయి ఉంది. మడత విచ్చుకుని పీపా పట్టీ స్పష్టంగా కనిపిస్తోంది.

"ఇది వంగిపోయెనక్కా. బరువుది ఒకటి కావల్ల" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. తిట్టలేదు.

"ఆచారి ఊళ్ళో లేడు" అన్నాను.

"నువ్వు చెయ్యి. నేను ఊదుతా" అన్నాడు. నేరుగా పోయి తిత్తి దగ్గర కూర్చుని తాడు అందుకున్నాడు.

ఆ వంగిన ములుకు తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టాను. తొట్టి వెనక చెయ్యి పెట్టి గడ్డపార ముక్క తీశాను. కర్రుల పని ఇంకా మొదలుకాలేదు. ఆ ఇనుము అతని ముందే బయటికి తీస్తున్నప్పుడు నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. అతను చూశాడు.

అంతకు ముందు నేను సొంతంగా ఒక్క వస్తువు కూడా చేసి ఎరగను. పన్నెండేళ్ళు పక్కన కూర్చుని చూసిన చూపు, అంతే. గడ్డపార ఎర్రబడాలంటే తిత్తి ఆగకుండా ఊదాలి. అతను ఊదాడు. నిప్పు తెల్లగా లేచింది. ఉలి పెట్టి ముక్క నరికాను. మళ్ళీ కాల్చి, సాగదీసి, వేలెడు వెడల్పు, నడుమ వెన్ను వచ్చేట్టు కొట్టాను. ఒకసారి సుత్తి జారి ఒక పక్క చిన్న గుంట పడింది. మళ్ళీ కాల్చి సరిచేద్దామంటే, "ఉండనీలే" అన్నాడు.

ఒక సంగతి తర్వాత గుర్తొచ్చింది. అంత నిప్పు ముందు అంత సేపు కూర్చున్నా అతనికి చెమట పట్టలేదు. నా చీర మాత్రం పిండితే నీళ్ళు కారేట్టుగా ఉంది.

నీళ్ళలో ఒక్కసారి ముంచి తీశాను. ఇంకా పొగలు పోతుండగానే పట్టుకారులోంచి చేత్తో అందుకున్నాడు. కాలుతుందని నేను అనేలోపే పిడికిలి బిగించాడు.

"ఇది ఉండాది బరువు" అన్నాడు.

పల్లె వైపు పోలేదు. కొండ వైపు పోయాడు. నేను పని సర్దుకుని సంగటి వండుకున్నాను. మనసు తేలికయింది. తప్పు దిద్దుకున్నాననుకున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చాక కొండ మీది నుంచి నలుగురు మనుషులు కర్రలకు కట్టిన దుప్పట్లో ఒక శవాన్ని మోసుకుని మా ముందు నుంచి వచ్చారు. ముందు నడుస్తున్నవాడు నాగన్న బామ్మర్ది ఓబులేసు. మా పందిరి కింద దించి నీళ్ళు అడిగాడు. చెంబు ఇస్తూ, "ఎవురప్పా?" అని అడిగాను.

"మా బావ. నిన్న పొద్దు గుంకక ముందే పోయినాడు" అన్నాడు.

దుప్పటి తొలగించి మొహం చూపించాడు. నాగన్నే. భుజం మీది గుడ్డ అట్లాగే చినిగి ఉంది.

ఓబులేసు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నిన్న ఊట దగ్గర కణుజుకు బాణం తగిలింది. భుజం ఎముక మీద తగిలి లోపలికి దిగలేదు. రక్తం జాడ పట్టి ఇద్దరూ పోయారు. రెండు బండల సందులో అది తిరగబడి నాగన్నను కొమ్ములతో బండకేసి నొక్కింది. రాత్రంతా ఓబులేసు శవం పక్కనే కూర్చున్నాడు. తెల్లవారి మేకలు కాసేవాళ్ళు కనిపిస్తే వాళ్ళను పిలుచుకుని కిందికి దిగాడు. బాణం కట్టె విరిగి దొరికింది. ములుకు దొరకలేదు. అది కణుజు ఒంట్లోనే ఉండిపోయిందని వాళ్ళు అనుకుంటున్నారు.

నేను కిటికీ గట్టు వైపు చూడలేదు. వాళ్ళు పోయాక చూశాను. ములుకు అక్కడే ఉంది.

మా ఆయన సాయంత్రం బండికి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. వంగిన ములుకు చేతిలో పెట్టాను. నరికిన గడ్డపార చూపించాను. నాకు పిచ్చి పట్టిందంటాడేమో, భయపడతాడేమో అనుకున్నాను. ఆయన ములుకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురికన్నా చెప్పినావా?" అన్నాడు.

లేదన్నాను. ఇంకేమీ అడగలేదు. మరునాడు ఆ ములుకును కొలిమిలో వేసి, కొట్టి తలుపు మేకు చేశాడు. ఆ ఇనుమును కూడా పోనీయలేదు. గడ్డపారలో మిగిలింది కర్రులైపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఒకే కొలిమి దగ్గర ఇద్దరం పని చేశాం. నాగన్న పేరు మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆ పేరు కాకుండా మాట్లాడుకోవడానికి కూడా క్రమంగా ఏమీ మిగల్లేదు.

ఒంటరి మనిషి, ఎండ దెబ్బకు ఏదో చూసిందని ఎవరైనా అనవచ్చు. నేనూ అట్లా అనుకోవాలని చూశాను. కానీ ఒక మనిషి తిత్తి ఊదుతుంటే ఇంకొకరు ఆ ఇనుమును కొట్టాలి. నాకు రెండు చేతులే.

యుద్ధం ముగిసిన తర్వాత మా చెల్లెలి ఇంట్లో పెళ్ళికని ధర్మవరం పోయాను. చీర కోసం నేతగాళ్ళ ఇంటికి పోతే, అక్కడ కూర్చుని పట్టు దారం కండెలకు చుడుతున్న మనిషి నన్ను గుర్తుపట్టింది. నాగన్న భార్య లచ్చమ్మ. పల్లెలో బతుకు జరగక ఇద్దరు పిల్లలతో ఆడికి వచ్చేసిందట. మధ్యాహ్నం తన గుడిసెకు పిలుచుకుపోయింది. పొయ్యి ముందు కూర్చుని, నేను అడగకుండానే చెప్పింది.

"స్నానం పోసేటప్పుడు పిడికిలి ఇడిపిచ్చినానక్కా. దాంట్లో కొత్త ములుకు ఉండె. ఒక పక్క సుత్తి జారిన గుంట. మనిషి ఎప్పుడో సల్లబడిపోయిండాడు. ఆ ఇనుము మాత్రం ఎచ్చగా ఉండె. నేనెవురికీ చూపీలేదు. ఆయప్పతోనే పూడ్సిపెట్టిస్తి."

నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను.

"ఆచారి మంచి ఇనుమే పెట్టినాడు. నా మొగుని రాతే బాగలేదు" అంది.

అప్పుడు చెప్పాల్సింది. పీపా పట్టీ సంగతి, నేను అన్న "సాలులే" సంగతి. నోటి దాకా వచ్చింది. ఆమె జొన్న సంగటి ముద్ద పెట్టి, చింతకాయ ఊరిమిండి పచ్చడి వేసి, "తినక్కా, పెనుకొండ నుంచి నాకోసం వచ్చేవాళ్ళు ఎవురుండారు" అంది. నేను తిన్నాను. ఇంకో ముద్ద పెడితే అదీ తిన్నాను.

సాయంత్రం రైలెక్కి వచ్చేశాను. తర్వాత రెండేళ్ళకు లచ్చమ్మ పోయిందని తెలిసింది. ఇప్పుడు మా ఆయన కూడా లేడు. ఆ పొద్దున నా తిత్తి ఊదింది ఎవరో, చచ్చిన మనిషి పిడికిట్లోకి నా చేతి ఇనుము ఎట్లా పోయిందో నాకు తెలియదు. ఎవరైనా చెప్పగలరనీ అనుకోను. అది తెలియకుండా పోయినా నాకు పెద్ద బాధ లేదు. లచ్చమ్మకు నిజం తెలియకుండా పోయింది చూడండి, అదే మింగుడు పడటం లేదు.