కుడిపక్క సూది

పెట్టెలో నమూనాగా దాచడానికి చచ్చిన ఈగకు సూది గుచ్చేటప్పుడు మా ల్యాబ్ మేడమ్ దాని వీపు నడుమ గుచ్చేవారు కాదు, కాస్త కుడికి జరిగేవారు. "ఒక పక్కన్నా మిగలాలె" అనేవారు. ఈగ ఏ కుటుంబానిదో చెప్పేది ఆ వీపు మీది బిరుసు వెంట్రుకలే.

పినపాక అడవిలో వాగు పక్కన దొరికిన ఒకే ఒక్క ఈగకు నేను సరిగ్గా నడుమ గుచ్చాను. రెండు పక్కలా వెంట్రుకలు రాలిపోయాయి. ఆమె తిట్టలేదు. దాని సూదికి తగిలించే చీటీ మీద, కుటుంబం పేరు ఉండాల్సిన చోట 'తెలియదు' అని రాశారు.

మరుసటేడు అక్కడే అచ్చం అలాంటిదే దొరికింది. కుడికి గుచ్చాను. అరుదైన కుటుంబమని తేలింది.

"పాత చీటీ కూడా మారుద్దామా మేడమ్?"

"ఎట్ల మారుస్తం? దాని వెంట్రుకలు మనం చూడలే గదా."

ఆమె రిటైరయ్యాక ఈగల పెట్టె నా చేతికొచ్చింది. రెండుసార్లు పెన్ను తీశాను. ఆ పాత చీటీ మీద ఇప్పటికీ 'తెలియదు' అనే ఉంది.