కూర్మావతారానికి పెరుగన్నం

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, మత్రా చేపల మార్కెట్ దగ్గర ఎండు చేపల వాసన గుప్పుమంది. మా పిల్లలు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం జన్మలో చేప ముట్టని నాయనమ్మ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నా పుట్టినరోజుకి నాన్న తాబేలుపిల్లను తెచ్చారు. విజిట్ వీసా మీద కాకినాడ నుంచి ఇక్కడికి వచ్చిన నాయనమ్మ దానికి దండం పెట్టి, రోజూ పెరుగన్నం నైవేద్యం పెట్టేది. అది ముట్టేది కాదు. ఉపవాసం ఉందనుకున్నాను.

"అన్నం దానికి పడదటమ్మా. ఆకుకూరలూ చిన్న చేపలూ పెట్టమన్నాడు డాక్టరు," అన్నారు నాన్న.

"కూర్మావతారానికి మత్స్యావతారాన్ని పెడతార్రా ఎవరైనా? తమ్ముడికి అన్నను వడ్డించినట్టు ఉండదూ?"

మర్నాడు తాబేలు తల కూడా బయటపెట్టలేదు. అమ్మానాన్నా డ్యూటీకి వెళ్లారు. నాయనమ్మ కాసేపు దాన్నే చూసి, పాలకూర తుంచి వేసింది. తాబేలు దాన్నీ ముట్టలేదు. తర్వాత నాన్న తెచ్చిన పొట్లం విప్పి, చిన్న ఎండు చేపను రెండు వేళ్లతో పట్టుకుని నీళ్లలో ఆడించింది. కళ్లు గట్టిగా మూసుకుంది, పెదవులు బిగించింది. తాబేలు మెడ చాచి అందుకుంది.

"తిందా?" అంది, కళ్లు తెరవకుండానే.

"తింది నాయనమ్మా!"

అప్పుడు దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. ఊపిరి బిగబట్టిందని నిన్న ఆ వాసనలో నిలబడ్డాక తెలిసింది.