ష్మిట్ వాళ్ళ బాబాయ్

శుక్రవారం పొద్దున మస్కట్‌లోని బౌషర్ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా బాబాయ్ పోయాడు, గుండెపోటు. బాబాయ్ అంటే చుట్టరికం కాదు. అజైబాలో ఒక జర్మన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, మా రూమ్‌కి పెద్దదిక్కు. కబురు చెబితే ఇక్కడి మన తెలుగువాళ్ళు "అయ్యో" అన్నారు. ఆ వెంటనే, పాఠకులారా, ఊపిరైనా తీసుకోకుండా "ఇంతకీ ఆయన ఇంటిపేరేంటి?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది.

బతికున్నన్నాళ్ళూ ఆయన్ని వేధించిన ప్రశ్న అదే. హైదరాబాదులో ఇల్లు అద్దెకడిగితే, ఇంటిపేరు విన్న ఓనరమ్మ చేతిలో పెట్టిన తాళంచెవి వెనక్కి తీసుకుందట. ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు. మస్కట్ వచ్చాక ఎవరడిగినా ఒకటే జవాబు: "ష్మిట్ వాళ్ళమండి. జర్మనీ కమ్మరులం. తమరు?"

ఆయనకున్న ఏకైక వ్యసనం తెల్లదొరల ఇంటిపేర్లు. డ్యూటీ దిగాక నెట్ కేఫ్‌లో కూర్చుని వాటి పుట్టుపూర్వోత్తరాలు లాగేవాడు. ష్నైడర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే చేపలు పట్టేవాడు. గోను తుఫానుకి రూమ్‌లోకి నీళ్ళొచ్చి మేం పరుపులు నెత్తిన పెట్టుకుని నిలబడితే, ఈయన బకెట్‌తో తోడుతూ "ఒరేయ్, మా కొత్త ఇంజినీరు బాఖ్ లేడూ, ఆ ఇంటిపేరుకి అర్థం వాగట్రా!" అన్నాడు.

వాళ్ళ పెద్దసార్ మ్యులర్‌కి, మీ పూర్వీకులు పిండిమర ఆడించేవాళ్ళని చెబితే ఆయన మురిసిపోయి అప్పటికప్పుడే భార్యకి ఫోన్ చేశాడట. "చూశావా? తాతది పిండిమర అంటే దొరకి ఛాతీ ఉబ్బిందిరా. అదే మనవాడికి చెప్పు, కొట్టడానికొస్తాడు" అన్నాడు బాబాయ్, చెప్పులు విప్పుతూ.

సంతాపసభలో ఫోటో కింద అంటించిన కాగితం మీద, ముందు కాస్త జాగా వదిలి, పేరు అచ్చు వేయించారు. ఒక పెద్దమనిషి పెన్ను పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏమిటోళ్ళు బాబూ?"

"తెలీదండీ."

"ఒకే రూమ్‌లో ఉండి తెలీదా?"

"ఆయన గురక ఏ రాగమో తెలుసండీ. అది రాస్తారా?"

"మాట వరసకి అడిగానయ్యా!"

"అయితే ష్మిట్ వాళ్ళని రాయండి."

పెన్ను జేబులో పెట్టుకుని, దండ కూడా వేయకుండా వెళ్ళి కూర్చున్నాడు. నిజానికి నాకు తెలుసు. పాస్‌పోర్టులో చూశాను. ఇక్కడ రాయను, మీరూ ఆశ పెట్టుకోకండి.

అందరూ లేచి మౌనం పాటించారు. ఫోటోలో బాబాయ్ నవ్వుతున్నాడు. పేరు ముందున్న ఖాళీలో ఒక ఈగ వాలి, తీరిగ్గా కాళ్ళు రుద్దుకుంటోంది. దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.