మగ్గం గుంత కింద ఊరు

మొన్న ముసురులో మనవరాలు తాను రాసిన బంగారు నగరం కథ చదివి వినిపించి, "నమ్మేటట్టుండాదా అవ్వా?" అని అడిగింది. కిటికీలోంచి వస్తున్న తడిమట్టి వాసనకు నాకు ధర్మవరంలో మా ఇంటి మగ్గం గుంత గుర్తొచ్చింది.

నాయన ఆ గుంతలోకి కాళ్లు దించి కూర్చుని పట్టుచీరలు నేసేవాడు. దాని అడుగున ఇంకో ఊరుందని మా అవ్వ కండెలకు పట్టుదారం చుడుతూ చెప్పేది. ఆ ఊళ్లో రత్నాల మేడలు, ఎగిరే గుర్రాలు ఉన్నాయంది. ఆరేళ్లదాన్నే అయినా నమ్మలేదు.

"వాళ్లూ చీరలు నేస్తారు పాపా. వానొస్తే ఆడ కూడా గుంతలో నీళ్లూరతాయి, పని ఆపుకుంటారు" అంది అవ్వ.

అప్పుడు నమ్మేశాను.

ఆ వారమే వాన పట్టుకుంది. గుంతలో నీళ్లూరి నాయన పైకి లేచాడు.

"కింద వాళ్లు కూడా ఆపినారా నాయనా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. వంగి గుంతలోకి చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఆపినారు. చప్పుడు లేదు" అన్నాడు.

చీర సగంలో ఆగిపోయిన మనిషి అంత ఓపిగ్గా విన్నాడని తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మనవరాలు నా జవాబు కోసం చూస్తోంది.

"నీ బంగారు నగరంలో వానొస్తే ఏం చేస్తారు పాపా?" అని అడిగాను.