కొనకముందే ఫిర్యాదు

పెద్దిరాజుగారు ఏ వస్తువునైనా కొనకముందే దాని మీద ఫిర్యాదు చేసేవారు.

కొన్నాక మొత్తుకోవడం అందరూ చేసేదే. ఆయన పద్ధతి వేరు. గ్యాసు పొయ్యి కొనాలనుకుంటే ముందు ఆ కంపెనీకి ఫోను చేసి, పాలకొల్లు యాసలో దంచే హిందీలో, "బాబూ, మీ పొయ్యి వెలగట్లేదు" అనేవారు.

"ఎప్పుడు కొన్నారు సార్?"

"ఇంకా కొనలేదు. నీ జవాబు బాగుంటే రేపు కొంటాను."

నూటికి తొంభైమంది అక్కడే ఫోను పెట్టేసేవారు. నోటుబుక్కులో వాళ్ళ పేర్ల మీద ఎర్రగీత పడేది. పెట్టేయకుండా "పోనీ, ఎలా వెలగట్లేదో చెప్పండి సార్" అన్నవాడి పొయ్యే ఆ ఇంటికి వచ్చేది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు అన్నీ అలా వచ్చినవే. ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోను చేసి, "నేను పోయానండీ, ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగారని ఢిల్లీ పాలం కాలనీలో చెప్పుకునేవారు.

ఆయన భార్య సరోజినిగారు ఇందులో ఆశ్చర్యపడేదేమీ లేదనేవారు. "పెళ్ళిచూపుల్లోనే మా నాన్నని అడిగారమ్మా, 'మీ అమ్మాయి అలిగితే ఎవరికి చెప్పుకోవాలండీ?' అని. 'మాకు మాత్రం చెప్పకండి బాబూ' అన్నాడు మా నాన్న. నిజం చెప్పాడని అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు."

ఆర్మీ సిగ్నల్స్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు కొండల మీద తీగలు లాగి, సుబేదారుగా రిటైరైన మనిషి ఆయన. "లైను బాగున్నంతసేపూ అందరూ మొనగాళ్ళే. తెగినప్పుడు స్తంభం ఎక్కేవాడెవడో అది చూసుకోవాలి ముందు" అనేది ఆయన సిద్ధాంతం.

ఆ ఇంట్లోనే కింది వాటాలో సుభాషిణి అద్దెకుండేది. ఆమెది మంగళగిరి. భర్త సునీల్ ఆర్టిలరీలో హవల్దారు. ఈశాన్యంలో ఏదో కొండ మీద ఉండేవాడు. ఏ కొండో చెప్పకూడదు, చెప్పినా ఆమెకి తెలియదు. పెళ్ళై మూడేళ్ళు. సెలవులన్నీ కలిపితే ఇద్దరూ ఒకచోట ఉన్నది ఏడు నెలలు. పదిహేను రోజులకోసారి ఫోను వచ్చేది, మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల కోసం ఆమె పదిహేను రోజులూ మాటలు పోగేసుకునేది. తీరా ఫోను మోగాక ఇద్దరూ గ్యాసు సిలిండరు గురించి మాట్లాడుకునేవారు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"సీలు సరిగ్గా ఉందా?"

"ఉంది."

లైను ఆగిపోయాక రిసీవరు చెవి దగ్గర అలాగే పెట్టుకుని కాసేపు నిలబడేది. అనుకున్న మాటలన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చేవి.

ఖాళీగా కూర్చుంటే దిగులు ఎక్కువవుతోందని, నాన్న మగ్గం మీద నేసిన చీరలు తెప్పించి కంటోన్మెంటు ఆడవాళ్ళకి అమ్మడం మొదలుపెట్టింది. చీరలు బాగా పోయాయి. కొనేవాళ్ళు కూడా పోయారు. భర్తలకి బదిలీలై ఒకావిడ పఠాన్‌కోట్, ఒకావిడ జబల్పూరు, ఒకావిడ సికింద్రాబాదు వెళ్ళిపోయారు. అక్కణ్ణించి ఫోన్లు చేసి, "దీదీ, కొత్తవి ఏమొచ్చాయి?" అని అడిగేవారు. చీరని ఫోనులో ఎలా చూపిస్తాం? అందుకని 2007 ఎండాకాలంలో జనక్‌పురిలో ఉండే నవదీప్ అనే కుర్రాడి చేత ఒక వెబ్‌సైటు చేయించింది. నవదీప్ వాళ్ళది నెల్లూరే గానీ, పుట్టి పెరిగింది ఢిల్లీ. తెలుగు అంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో వచ్చేది.

సైటు ఆషాఢంలో తెరిచారు. శ్రావణంలోపే నాలుగుసార్లు పడిపోయింది.

"నవదీప్, సైటు రావట్లేదు" అంది సుభాషిణి, ఫోను స్పీకరు నొక్కి.

"దీదీ, సర్వర్ డౌన్ హై."

"మరి ఎప్పుడొస్తుంది?"

"ఆ జాయేగా."

మెట్ల మీద ఉన్న పెద్దిరాజుగారి చెవిన ఆ మాట పడింది. "'ఆ జాయేగా', వచ్చేస్తుందిలే అన్నవాడెవడమ్మాయ్? ఆ మాట వాన గురించి అనాలి. సర్వరు గురించి అనకూడదు. పడిపోతే లేపేవాడెవడో కనుక్కున్నావా అసలు?"

సుభాషిణి కనుక్కోలేదు. చవగ్గా దొరికిన చోట పెట్టించింది. ఎవరికి ఫోను చెయ్యాలో నవదీప్‌కీ తెలియదు. అతను ఎవరికో ఈమెయిల్ పంపేవాడు, ఆ ఎవరో ఇంకెవరికో పంపేవాడు.

"మేనేజ్డ్ హోస్టింగని ఒకటుందట" అంటూ మర్నాడు ఆయన నోటుబుక్కుతో దిగారు. "కొట్టుకి చోటివ్వడమే కాదు, కాపలా వాళ్ళదే, ఊడ్చేది వాళ్ళే, కప్పు కారితే ఎక్కేది వాళ్ళే. ఎవరు నిజంగా ఎక్కుతారో నేను తేలుస్తాను. నువ్వు చీరల సంగతి చూసుకో."

తేల్చడం మొదలైంది. మొదటి కంపెనీకి ఫోను చేసి, "మా అమ్మాయి చీరల కొట్టు మాయమైందండీ" అన్నారు.

"కస్టమర్ నంబర్ చెప్పండి సార్."

"ఇంకా లేదండీ."

"మరి మాయమైందేమిటి?"

"రేపు మాయమవబోయేది."

ఎర్రగీత.

రెండోవాడు అన్నీ అన్‌లిమిటెడ్‌గా ఇస్తామన్నాడు. "అన్‌లిమిటెడ్‌గా వచ్చేది మా గోదావరికి వరదొక్కటే బాబూ. అదొచ్చిన రోజున కొట్లు మూసేస్తారు" అని ఆయనే ఫోను పెట్టేశారు. మూడోవాడు తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది శాతం పనిచేస్తుందన్నాడు. పెద్దిరాజుగారు కాగితం మీద లెక్కకట్టి, "అంటే నెలకి నలభైమూడు నిమిషాలు పనిచెయ్యదు. ఆ నలభైమూడూ ఏ రోజు, ఎన్ని గంటలకి?" అనడిగారు.

"అది ముందే ఎలా చెప్తాం సార్?"

"పోనీ, ఆదివారం పొద్దున్న కాకుండా చూడగలవా?"

"సార్, రిపేర్లు చేసేదే ఆదివారం పొద్దున్న. అప్పుడు సైట్లు ఎవరు చూస్తారు?"

ఎర్రగీత, ఈసారి రెండు. అక్కణ్ణించి ప్రతి కంపెనీనీ ఆదివారం సంగతి అడగడం, ప్రతివాడూ అదే జవాబు చెప్పడం, ఆయన గీత కొట్టడం. తొమ్మిది కంపెనీలు పోయాయి.

"ఆదివారం మన సైటుకి ఎవరొస్తారంకుల్?" అంది సుభాషిణి ఒకరోజు విసుగ్గా.

"కొట్టన్నాక తలుపు తీసుండాలమ్మాయ్. ఎవరో ఒకరొస్తారు."

ఇంతలో, ఉత్తరాది ఆడవాళ్ళు భర్త కోసం ఉపవాసముండే కర్వా చౌత్ పండగ దగ్గరపడింది. ఎర్రచీరలకి మంచి గిరాకీ ఉండే రోజులు. సరిగ్గా అప్పుడే సైటు రెండు రోజులపాటు లేవలేదు. జబల్పూరావిడ ఫోను చేసి, "మీది తెరుచుకోలేదు దీదీ, ఇక్కడే బజార్లో కొనేసుకున్నాను" అంది. అది సునీల్ ఫోను రావలసిన రోజు కూడా. అదీ రాలేదు. సాయంత్రం పెద్దిరాజుగారు పదో కంపెనీ పేరు చెప్పబోతే సుభాషిణికి కోపం ముంచుకొచ్చింది.

"మీ పరీక్షలు పూర్తయ్యేసరికి నా కొట్టుండదంకుల్. మీకిది కాలక్షేపం. నాకు ఇది తప్ప ఇంకేముంది ఇక్కడ? రేపు నేనే ఏదో ఒకటి తీసేసుకుంటాను."

ఆయన నోటుబుక్కు మూశారు. "ఒక్క ఫోను చెయ్యనియ్యమ్మా. ఈ పదోది కూడా పోతే నీ ఇష్టం" అని మెట్లెక్కి వెళ్ళిపోయారు. అన్న మాట తలుచుకుని సుభాషిణి పొద్దుటిదాకా బాధపడింది. పొద్దున్నే కాఫీ పట్టుకుని పైకి వెళ్ళింది.

పదో కంపెనీ నోయిడాలో ఉంది. మొత్తం పన్నెండుమంది మనుషులు. రెండో రింగుకే ఎవరో అమ్మాయి ఎత్తింది. పెద్దిరాజుగారు స్పీకరు నొక్కి, హిందీలో కొట్టు పడిపోయిందని మొదలుపెట్టారు.

"మీది గోదావరి జిల్లాలాండీ?" అని తెలుగులో వినిపించింది అటునుంచి. "నా పేరు వైశాలి. మాది వరంగల్."

"తెలుగుకి మార్కుల్లేవమ్మా. మీ సర్వరు పడిపోతుందా, పడిపోదా?"

"పడిపోతదండీ."

సరోజినిగారు వంటింట్లోంచి తొంగిచూశారు.

"పడిపోనిది ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదండీ. కాకపోతే పడినప్పుడు మీకంటే ముందు మాకు తెలుస్తది. రోజూ మీ సైటుకి నకలు తీసి వేరే ఊళ్ళ దాస్తం. నమ్మకం లేకుంటే ఒక నకలు పంపండి. మా దగ్గర పెట్టి, కావాలని చెరిపేసి, ఒక్క గంటల మళ్ళ నిలబెట్టి చూపిస్తం. నచ్చితేనే తీసుకోండి."

పెద్దిరాజుగారు ఎర్రకలానికి మూత పెట్టారు. "సరోజినీ! ఇన్నాళ్ళకి మళ్ళీ మీ నాన్నగారు దొరికారే!"

నవదీప్ నకలు పంపాడు. వాళ్ళు చెరిపేశారు. నలభై నిమిషాల్లో చీరలన్నీ చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి. అప్పుడాయన వైశాలికి మళ్ళీ ఫోను చేసి, ఈసారి స్పీకరు నొక్కకుండా, రిసీవరు చేత్తో మూసుకుని, గోడవైపు తిరిగి ఐదు నిమిషాలు గుసగుసలాడారు. వరంగల్లో మంచి హోటలేదో అడుగుతున్నారనుకుంది సుభాషిణి.

సైటు నోయిడాకి మారింది. కర్వా చౌత్‌కి మిగిలిన ఎర్రచీరలన్నీ వెళ్ళిపోయాయి. ఒకే ఒక్కసారి పడింది. సుభాషిణి చూసేలోపే వైశాలి ఫోను చేసి, "పడింది, లేపినమండీ" అని చెప్పింది.

నవంబరు మొదట్లో వైశాలే మళ్ళీ ఫోను చేసింది. "సర్వరు మీద కొన్ని మార్పులు చెయ్యాలండీ. బుధవారం పెట్టుకున్నం. ఆదివారం ముట్టుకోం, మీరేం పరేషాన్ కావద్దు."

"ఆదివారమైతే నాకేమండీ?"

"అదేంటండీ, మీ ఫైలు మీద రాసుంది కదా. చదవనా? 'ఆదివారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఏం జరిగినా ఈ సైటు ఆపొద్దు. ఈవిడ భర్త చూసే వేళ.' మీ అంకుల్ రాయించిన్రు. మీకు తెలుసనుకున్న."

సుభాషిణి రెండేసి మెట్లెక్కి పైకి వెళ్ళింది. పెద్దిరాజుగారు ఫోనులో ఉన్నారు. "మీ మిక్సీ మూత ఎగిరి సీలింగుకి తగిలిందండీ... లేదండీ, ఇంకా కొనలేదు..."

"అంకుల్, ఆదివారం ఎవరొస్తారు మన సైటుకి?"

ఆయన ఆమె మొహం చూశారు. మిక్సీవాణ్ణి లైన్లో ఆగమన్నారు. "ఆ నోయిడా పిల్లకి పది మార్కులు తీసేస్తున్నాను. రహస్యం దాచడం రాదు."

తరవాత చెప్పారు. ఆదివారం ఆదివారం సునీల్ వాళ్ళని లారీలో కిందికి, బ్రిగేడ్ ఆఫీసు దాకా దింపుతారు. అక్కడో గదిలో మూడు కంప్యూటర్లు. మనిషికి పది నిమిషాలు. కొందరు క్రికెట్ చూసుకుంటారు. సునీల్ చీరలు చూసుకుంటాడు. ఒక్కో బొమ్మ పైనించి కిందికి గీతలు గీతలుగా దిగుతుంది. పది నిమిషాలకి నాలుగు చీరలు. శ్రావణంలో ఒక ఆదివారం సైటు తెరుచుకోకపోతే భయపడి, ఇంకొకడి ఫోను వంతు అడుక్కుని పెద్దిరాజుగారికి చేశాడు, "సాబ్, ఇంట్లో అంతా బాగున్నారా?" అని.

"నాకెందుకు చెప్పలేదు?"

"చీరల బొమ్మలు ఎవరు చూస్తారని నిన్ను వెక్కిరించాడటగా. ఇప్పుడు చెబితే పరువు పోతుందన్నాడు."

చీరలు కట్టుకుని ఫోటోకి నిలబడేది సుభాషిణే. సిగ్గేసి మెడ పైభాగమంతా నవదీప్ చేత కత్తిరించేయించేది. "ఆ బొమ్మల్లో నా మొహమే ఉండదు కదంకుల్" అంది నెమ్మదిగా.

"నేనూ అదే అడిగాను. 'చెయ్యి కనిపిస్తుంది సాబ్, చాలు' అన్నాడు."

సుభాషిణి తన చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది. "ఆ రోజు మీకిది కాలక్షేపమన్నాను" అంది.

"లైను పనిచేస్తోందో లేదో చూడ్డమే నా డ్యూటీ. లైన్లో ఎవరేం మాట్లాడుకుంటారో నాకనవసరం" అని ఆయన ఫోను ఎత్తారు. "ఆఁ, చెప్పు బాబూ, ఇంకా ఉన్నావా? శభాష్! మీ మిక్సీ రేపు కొంటున్నాను."

శనివారం మధ్యాహ్నం డాబా మీద, లేత ఎండలో, సుభాషిణి చిలకపచ్చ చీర కట్టుకుని నిలబడింది. కెమెరా పట్టుకున్న సరోజినిగారితో, "ఈసారి పూర్తిగా తియ్యండాంటీ" అంది.

"మొహం కూడానా?"

"మొహం కూడా."

ఫోటో అందుకున్న నవదీప్ ఫోను చేశాడు. "దీదీ, ఊపర్ సే కాట్ దూఁ?"

"కొయ్యొద్దు. అలాగే పెట్టు."

ఆదివారం పదకొండున్నరకి ఫోను మోగింది. సునీల్ ఫోను రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఎత్తితే అటువైపు కొండగాలి చప్పుడు, దాని వెనక సునీల్ గొంతు.

"ఆ చిలకపచ్చ చీర..."

"ఏ చీర?"

"సైట్లో ఉంది. మొదటిది."

"మీరు చీరలు చూస్తారా ఏమిటి?"

"నేను కాదు. పక్కవాడెవడో తెరిచాడు. కనపడింది. అది అమ్మేశావా?"

సుభాషిణి పెదవి కొరుక్కుంది. "ఇంకా లేదండీ. జబల్పూరు నుంచి ఒకరు అడుగుతున్నారు."

"ఇవ్వకు."

"మరి ఎక్కడికి పంపమంటారు?"

"పంపొద్దు. డిసెంబరులో సెలవిచ్చారు. నేనే వచ్చి తీసుకుంటాను."

ఆమె కలం అందుకుని, కొట్టు యజమాని గొంతుతో, "అలాగేనండీ, పేరు చెప్పండి, రాసుకుంటాను" అంది.

సునీల్ గొంతు సవరించుకుని, ఫౌజు పద్ధతిలో తన నంబరు, ర్యాంకు, పేరు, మూడూ చెప్పాడు.