బసవపున్నయ్య గారి కమ్యూనిటీ హాలు

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది నల్లబండపాడు. ఆ ఊరి కమ్యూనిటీ హాలుకు కిటికీల కంటే శిలాఫలకాలు ఎక్కువ. శంకుస్థాపన చేసినందుకు ఒక రాయి, ప్రారంభించినందుకు ఒక రాయి, పార్టీ మారిన నాయకుడు కొత్త కండువాతో వచ్చి మళ్లీ ప్రారంభించినందుకు ఇంకో రాయి. మరుగుదొడ్డికి కూడా నల్లరాతి మీద బంగారు అక్షరాలతో ఒక ఫలకం ఉంది. మరుగుదొడ్డి మాత్రం ఇంకా కట్టలేదు. ఈ రాళ్లన్నిటి మీదా మారకుండా ఉన్న పేరు ఒక్కటే. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, హాలు కమిటీ అధ్యక్షులు శ్రీ బసవపున్నయ్య గారు.

ఆ కమిటీలో అధ్యక్షుడు కాక ఇంకెవరున్నారో ఊళ్లో ఎవరికీ తెలియదు. అధ్యక్షుడికైనా తెలుసో లేదో. ఆయన ఇల్లు సరిగ్గా హాలుకు ఎదురుగా ఉంది కాబట్టి, కట్టిన కాంట్రాక్టరు వెళ్లిపోతూ తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ఏకగ్రీవ ఎన్నిక అనుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ పదవికి పోటీ లేదు, ఎన్నికా లేదు.

బసవపున్నయ్య తండ్రి గుంటూరు వైపు నుంచి మిర్చి వేసుకోవడానికి ఈ నేలకు వచ్చాడు. కొడుకు మిర్చితో పాటు ఉపన్యాసాలు కూడా పండించడం మొదలుపెట్టాడు. రెండూ బాగానే దిగుబడి వచ్చాయి. హాలులో ఏ కార్యక్రమం జరిగినా ముందు ఆయన మాట్లాడాలి, చివర ఆయన మాట్లాడాలి, మధ్యలో కరెంటు పోతే మైకు లేకుండా కూడా ఆయనే మాట్లాడాలి. కంటి శిబిరం పెట్టిన రోజు, చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్న ముసలివాళ్లకు కంటిచూపు విలువ గురించి చాలాసేపు చెప్పాడు. ఒక్కరూ లేచిపోలేదని ఇంటికొచ్చి భార్య నిర్మలాదేవితో గర్వంగా చెప్పుకున్నాడు. లేచిపోదామంటే వాళ్లకు దారి కనిపించలేదని ఆమె నోటిదాకా వచ్చింది గానీ, పాపం, అన్నం తింటున్నాడు కదా అని ఊరుకుంది. యోగా రోజున ధ్యానం చేయించడానికి వచ్చిన గురువు అందర్నీ మౌనంగా ఉండమంటే, మౌనం ఎంత గొప్పదో వివరిస్తూ అరగంట మాట్లాడిన మనిషి ఈయన.

"హాలు అందరిదీ" అనేది ఆయనకు ఇష్టమైన మాట. అందరిదీ కాబట్టి ఏ ఒక్కరికీ ఇవ్వడానికి మనసొప్పేది కాదు. రోజూ హాలు ఊడ్చే జంపక్క, తమ గూడెం వాళ్ల దేవత కొలుపు రోజు వాన పట్టేలా ఉందని హాలు అడిగితే, ఆటలాడితే గచ్చు పెచ్చులు లేస్తుందని చెప్పి పంపించాడు. డ్వాక్రా సంఘం లీడరు నాగలత సమావేశానికి అడిగితే ఇచ్చాడు గానీ, ఆడవాళ్ల పొదుపు గురించి ఆయనే మాట్లాడేసరికి ఆడవాళ్లకు మాట్లాడుకునే పొద్దు మిగల్లేదు. తర్వాత వాళ్లు బడి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టారు. ప్రజల్లో చైతన్యం తగ్గిపోతోందని ఆయన బాధపడ్డాడు.

ఇలాంటి అధ్యక్షుడి దగ్గరికి ఈ ఏడాది దర్జీ సిరాజుద్దీన్ వచ్చాడు. హాలు పక్కనే అతని మిషను. స్టేజీ మీద బల్లకు కప్పే గుడ్డ, వెనక కట్టే తెర, బసవపున్నయ్య వేసుకునే లాల్చీలు అన్నీ అతను కుట్టినవే. ఆ హాలులో జరిగిన ప్రతి సభకూ కుర్చీలు నిండాలి కాబట్టి వచ్చి కూర్చున్న మనిషి కూడా. తన కోసం ఎప్పుడూ ఏదీ అడగలేదు.

"పున్నయ్య గారూ, మా బిడ్డ ఆతియా నికా ఖాయమైంది. పిలగానిది ఖమ్మం, మోటార్లు రిపేరు చేస్తడు. హాలిస్తరా? కిరాయి ఏమన్న ఉంటే చెప్పుండ్రి."

"కిరాయేంటి సిరాజూ! ఇది ఊరి హాలు. నీదీ, నాదీ, అందరిదీ."

ఇంత సులువుగా ఒప్పుకున్నాడేమిటని సిరాజుద్దీన్ ఆశ్చర్యపోయాడు. అందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. అతను నోరు తెరిచిన క్షణంలోనే బసవపున్నయ్యకు ఉపన్యాసం తట్టేసింది. మతసామరస్యం మీద ఆయన ఇంతవరకు మాట్లాడలేదు. ఆ సబ్జెక్టు ఖాళీగా ఉంది. పెళ్లికి విలేఖరి వస్తాడా అని ఒక్కటే అడిగాడు.

పెళ్లి ముందు రోజు దాకా అంతా సవ్యంగానే ఉంది. మిర్చి కోతల కాలం. బసవపున్నయ్య కల్లం నిండా ఎర్రగా తేజ రకం కాయ ఆరబోసి ఉంది. సాయంత్రం చర్ల వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. ఆరిన కాయ మీద వాన పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం మొత్తం తాలుకాయ లెక్కన సగం ధరకు పోతుంది. కప్పడానికి ఉన్న పట్టాలు సగం కల్లానికి కూడా చాలవు. ఆయన ఒకసారి మబ్బును చూశాడు. ఒకసారి హాలును చూశాడు.

నిర్మలాదేవికి ఆ చూపు అర్థమైంది. "రేపు సిరాజన్న కూతురి పెళ్లి కదండీ. దాంట్లో పోస్తారా?"

"పెళ్లి రేపు. వాన ఇవాళ" అన్నాడు అధ్యక్షుడు.

జంపక్క, ఇంకో నలుగురు కూలీలు పరుగుల మీద కాయంతా హాలులోకి చేరవేశారు. స్టేజీ పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు కాబట్టి జల్లు కొట్టదని మేలైన కాయను ఆ గదిలో, అక్కడ పరిచి ఉన్న జంపఖానా మీదే గుట్టగా పోయించాడు. ఇంత చేశాక ఒక్క చినుకు పడితే ఒట్టు. మబ్బు అటునుంచి అటే పోయింది.

తెల్లారి ఎండ కాయగానే మళ్లీ కాయనంతా కల్లంలోకి మోయించాడు. మోసి మోసి దగ్గుతూ జంపక్క చెప్పింది. "నీళ్లు కొట్టి కడగాలె అయ్యా. లేకుంటే ఘాటు పోదు."

"కడిగితే ఆరదు. చుట్టాలు జారిపడతారు. ఊడ్చి, ఫ్యాన్లు ఫుల్లుగా పెట్టండి. ఘాటు అదే పోతుంది."

మిర్చి పొడి పడిన చోట ఫ్యాను తిప్పకూడదని ఆ చుట్టుపక్కల నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. అధ్యక్షుడికీ తెలుసు. కానీ ఊరేగింపు వచ్చే వేళవుతోంది, లాల్చీ ఇంకా ఇస్త్రీ కాలేదు, ఉపన్యాసంలో రెండు వాక్యాలు ఇంకా కుదరలేదు. ఫ్యాన్లు తిరిగాయి. నేల మీద ఉన్న గింజ పొడి, పొట్టు లేచి గోడలకు, తెరలకు, జంపఖానాకు చక్కగా సర్దుకున్నాయి. పైకి చూస్తే హాలు అద్దంలా ఉంది.

పెళ్లికొడుకు ముదస్సిర్ మొహం మీదికి పూల సెహ్రా కట్టుకుని స్టేజీ ఎక్కాడు. ఖాజీ సాబ్ కూర్చున్నాడు. పెళ్లికూతురిని పద్ధతి ప్రకారం వేరే కూర్చోబెట్టాలి కాబట్టి, తీసుకెళ్లి ఆ చిన్న గదిలో, ఆ జంపఖానా మీదే కూర్చోబెట్టారు. తలుపులు తీసున్న పెద్ద హాలులో అక్కడక్కడా తుమ్ములు వినిపించాయి. ఆ నెలల్లో ఊరంతా మిర్చి ఘాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గదిలో మాత్రం ఆతియా దగ్గడం మొదలుపెట్టింది. దగ్గి దగ్గి కళ్లకు పెట్టుకున్న సుర్మా అంతా చెంపల మీదికి కారింది.

ఆమె ఒప్పుకోలు అడగడానికి, నికాలో పిల్ల తరఫు పెద్దగా ఉండే వకీలు, ఇద్దరు సాక్షులు గదిలోకి వెళ్లారు. వెళ్లిన ముగ్గురూ దగ్గుతూ బయటికి వచ్చారు.

"పిల్ల ఏమన్నది?" అని ఖాజీ అడిగాడు.

"దగ్గింది సాబ్."

"దగ్గు కుబూల్ కాదు. మళ్లీ పోయి అడుగుండ్రి."

మళ్లీ వెళ్లారు. మళ్లీ దగ్గే. ఈసారి పెళ్లికొడుకు మేనత్త మలికా కూడా వెంట వెళ్లింది. వెళ్లినంత వేగంగా ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. ఆమెకూ దగ్గు పట్టుకుంది. అంతే, ఆమెకు రోగం ఏమిటో తెలిసిపోయింది.

"ఇది మామూలు దగ్గు కాదు. అంటుకునే రోగం. గడప దాటిన్నో లేదో నాకు అంటుకున్నది! పిల్లకు ఛాతీ ఖరాబుగ ఉన్నట్టుంది, మాకు చెప్పలే. నికా ఆపుండ్రి. ముందు ఖమ్మం దవాఖానాల చూపిద్దాం, తర్వాత మాట్లాడుకుందాం."

ఆ మాట హాలంతా పాకింది. మగపెళ్లివాళ్ల వరసల్లో జేబుల్లోంచి రుమాళ్లు బయటికొచ్చాయి. ఒకాయన ఎన్నాళ్లుగా దాచుకున్నాడో, మాస్కు కూడా తీసి పెట్టుకున్నాడు. ముదస్సిర్ పూల వెనక నుంచి ఏదో అనబోయాడు గానీ మేనత్త చూపు చూసి ఊరుకున్నాడు. తర్వాత మాట్లాడుకుందాం అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఛాతీ జబ్బని పేరు పడి పెళ్లిపీటల దాకా వచ్చి ఆగిన పిల్లను మళ్లీ ఎవరు అడుగుతారు?

బసవపున్నయ్యకు చెమటలు పట్టాయి. నిజం చెప్పాల్సింది ఆయన ఒక్కడే. చెబితే, పక్కన పెన్ను పట్టుకుని కూర్చున్న విలేఖరి రేపు ఏం రాస్తాడో ఊహించుకున్నాడు. 'ఊరి హాలులో అధ్యక్షుడి మిర్చి' అని. మైకు అందుకున్నాడు. ఇన్నేళ్లుగా ఏ గండం వచ్చినా ఆయన చేసే పని అదొక్కటే.

"సోదర సోదరీమణులారా, ఆందోళన పడవలసిన అవసరం లేదు. అడవిలో పోడు కాలుస్తున్నారు. ఆ పొగ గాలికి ఇటు కొడుతోంది. గూడెం వాళ్లకు ఎంత చెప్పినా..."

గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడిన జంపక్క ఆయన వైపు చూసింది. నిన్న ఆయన మిర్చి మోసింది, పొద్దున మళ్లీ మోసింది, ఇప్పుడు ఆ నింద కూడా మోయమంటున్నాడు. చూపు తిప్పుకుని చీపురు కొసలు సర్దుకుంది. రేపు కూలికి రావాల్సింది ఆ కల్లంలోకే. ఆడవాళ్ల వరసలో నిర్మలాదేవి సిగ్గుతో తల దించుకుంది.

సిరాజుద్దీన్ గదిలోకి వెళ్లి కూతురిని పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఆమె ఘాఘ్రా అంచుకు ఏదో అంటుకుని ఉంటే వంగి తీశాడు. ఎర్రటి మిర్చి తొడిమ. దాన్ని ఎవరికీ చూపించలేదు. మలికాకు చూపిస్తే గొడవ అక్కడితో తీరిపోయేది, అధ్యక్షుడి పరువూ అక్కడితోనే పోయేది. పెళ్లికూతురి తండ్రి ఆ రోజున ఎవరి మీదా వేలెత్తకూడదని అతను అనుకున్నాడో, లేక జీవితమంతా కుట్టిన అలవాటుకొద్దీ చిరిగింది బయటపడకుండా చూద్దామనుకున్నాడో. స్టేజీ దగ్గరికి వచ్చి, ఆ తొడిమను బసవపున్నయ్య ముందు బల్ల మీద పెట్టి, ఆయనకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఊరి హాలన్నరని అడిగిన పున్నయ్య గారూ. మీ గోదామని తెల్వకపాయె."

బసవపున్నయ్య మైకులో సగం వాక్యం ఆగిపోయింది. అంత మెల్లగా అన్న మాట ఆయనను ఎవరూ ఎప్పుడూ తిట్టనంతగా తిట్టింది. కళ్లు మండాయి, ఘాటుకో దేనికో.

"మిర్చి నాది" అన్నాడు.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆయన ఉపన్యాసానికి ఇంత నిశ్శబ్దం అదే మొదటిసారి.

"నిన్న వాన భయానికి నా కాయ ఆ గదిలో పోయించాను. కడగమంటే వినలేదు. పోడూ లేదు, పొగా లేదు. పిల్లకు రోగమూ లేదు. చెప్పకుండా ఊరుకున్న రోగం నాది."

మలికా నమ్మలేదు. పెద్దమనిషి పిల్లను కాపాడటానికి అబద్ధమాడుతున్నాడంది. బసవపున్నయ్య మైకు పక్కన పెట్టి, లేచి, నేరుగా ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల ఫ్యాను స్విచ్చి వేసిన చప్పుడు వినపడింది. తర్వాత వినపడిన దగ్గుకు పెళ్లికొచ్చిన పిల్లలు కూడా భయపడ్డారు. బయటికొచ్చేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, ఇస్త్రీ లాల్చీ ముందంతా తడిసిపోయింది.

"నాకూ ఛాతీ జబ్బేనా తల్లీ?" అని అడిగాడు మలికాను.

ముందు ముదస్సిర్ నవ్వాడు. తర్వాత ఖాజీ సాబ్. ఇక మేనత్తకు కూడా నవ్వక తప్పలేదు. మాస్కు పెట్టుకున్నాయన దాన్ని మడిచి జాగ్రత్తగా మళ్లీ జేబులో దాచుకున్నాడు. విలేఖరి ఒక ముక్క కూడా వదలకుండా రాసుకున్నాడు.

నిర్మలాదేవి వచ్చి ఆతియా చేయి పట్టుకుంది. ఎవరినీ అడక్కుండా ఎదురుగా ఉన్న తమ ఇంట్లోకి నడిపించుకుపోయి, మొహం కడిగించి, నడింట్లో మంచం మీద కూర్చోబెట్టింది. వకీలు, సాక్షులు, మలికా వెనకే లోపలికి వెళ్లారు. సిరాజుద్దీన్ మాత్రం అరుగు మీదే ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటివాళ్లకు కొలతలు తీసుకున్నది ఆ అరుగు మీదే. గడప లోపల ఏ గది ఎక్కడుందో అతనికి తెలియదు.

బసవపున్నయ్య కళ్లు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి పక్కగా జరిగాడు. "లోపలికి పద సిరాజూ" అన్నాడు.

"పర్వాలేదయ్యా. ఇక్కడికి వినపడ్తది."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే అధ్యక్షుడు దానికి ఏదో జవాబు చెప్పేవాడేమో. బసవపున్నయ్య కూడా లోపలికి పోలేదు. పెద్ద లాల్చీ మనిషి, అది కుట్టిన మనిషి పక్కపక్కన అరుగు మీద నిలబడ్డారు. లోపల వకీలు అడిగాడు. ఆతియా గొంతు గరగరలాడుతూనే, స్పష్టంగా, కుబూల్ అంది. సిరాజుద్దీన్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అధ్యక్షుడు ఏదో ఒకటి అనాలని నోరు తెరిచి, అనడానికి ఏమీ దొరక్క, అతని భుజం మీద చేయి వేయవచ్చునో లేదో తెలియక, అలాగే నిలబడ్డాడు.