ఏనుగు కాళ్లు మింగిన లైబ్రరీ

"సువర్ణా, గిది ఏనుగా, పుట్టగొడుగా?"

మగ్గం మీదికి వంగి మా అత్త ఈ మాట అన్నప్పుడు నేను గడపలో కూర్చుని మా చిన్నదానికి పెరుగన్నం పెడుతున్నాను. నా గుండె జారి ఆ పెరుగన్నంలోనే పడింది. ఎందుకంటే ఆ ఏనుగు నాది. అంటే మా మామది, కానీ మగ్గం దాకా దాన్ని తోలుకొచ్చింది నేను. సీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసి, దానికోసం సొంతంగా ఒక లైబ్రరీ కట్టి మరీ తోలుకొచ్చాను. ఆ లైబ్రరీ దారిలో ఏనుగును ఏం చేసిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తప్పంతా నీదే అని మాత్రం అనకండి. ఆ మాట అనడానికి మా ఇంట్లో చాలామంది ఉన్నారు, వాళ్లు ఇంకా అంటూనే ఉన్నారు.

మా అత్తగారిది కట్టంగూర్ దాటాక లోపలికున్న ఊరు. నేత ఇల్లు. దారాన్ని ముందే అక్కడక్కడా గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. కట్టిన చోట రంగు ఎక్కదు, తెల్లగా మిగులుతుంది. ఆ తెలుపే నేసేటప్పుడు పువ్వో చిలకో ఏనుగో అయి గుడ్డ మీద తేలుతుంది. ఆ కట్లనే చిటికీలు అంటారు. ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లిచీర ఇంట్లోనే తయారవ్వాలి, దాని మీద మామ గీసిన తెల్ల ఏనుగులుండాలి. ఇద్దరు పెద్ద ఆడబిడ్డలు అవే కట్టుకుని అత్తవారిళ్లకు వెళ్లారు. చివరిది సువర్ణ. దేవరకొండ సంబంధం కుదిరింది, ముహూర్తం పెట్టారు. సరిగ్గా అప్పుడే మామకు కంటి ఆపరేషన్ అయింది. బొమ్మ గీసే గళ్ల కాగితం వైపు చూడనే కూడదన్నాడు డాక్టరు. ఒకరోజు సువర్ణ నాతో, "దుకాణంల కొన్న చీరె కట్టుకొని కూసుంటే పీటల మీద పరాయిది కూసున్నట్టుంటది వదినా," అంది. అంతే, ఏనుగుల చీరే కట్టుకుంటావని మాటిచ్చేశాను.

అప్పట్లో నేను ఆ ఊరి నుంచే రోజూ బస్సులో వెళ్లి నల్లగొండలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. డిగ్రీ ఉంది, సీ కోర్సు చేసిన సర్టిఫికెట్ ఉంది, వాటికి మించి నోరు ఉంది. "మామా, మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. ఏ పోగును ఎక్కడ కట్టాలో కంప్యూటరే అచ్చేసి ఇస్తుంది," అన్నాను. ఆ సాయంత్రానికే, కోడలు మిషిను తెచ్చి ఏనుగులు కట్టిస్తుందట అని ఊరంతా పొక్కింది. పొక్కించింది మామే.

లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. పనిముట్ల సంచి అనుకోండి. ఒకసారి తయారుచేసి పెట్టుకుంటే ఏ ప్రోగ్రాముకైనా పనికొస్తుంది. నా సంచి చేసే పని ఒకటే. కామాలు పెట్టి రాసిన వరుసను చదివి, కామా ఉన్న చోటల్లా తెంపి, ముక్కలను వరసగా చేతికివ్వడం. తెంపే పనికి సీలో ఎవరో ముందే రాసిపెట్టిన పనిముట్టు, ఒక రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. వండి పెట్టిన కూర ఉండగా పొయ్యి ఎందుకు ముట్టించాలని దాన్నే నా సంచిలో వేసుకున్నాను. సెంటర్లో ఒక చిలక బొమ్మతో పరీక్షించాను. కట్టు ఉన్న గడికి ఒకటి, లేని గడికి సున్నా. చిలక ముక్కుతో సహా వచ్చింది. సెంటర్ నడిపే సారు చూసి, "మేడం, మీరు నల్లగొండలో ఉండాల్సినవారు కాదు," అన్నాడు. ఇంటికెళ్లేదాకా నా కాళ్లు నేల మీద లేవు.

నాకు భయపడటం మామూలే. మా పిల్లవాడు తుమ్మితే చాలు, దవాఖానలో మంచం ఖాళీగా ఉందో లేదో ఆలోచిస్తాను. ఈ పనిలోనూ అన్నిటికీ భయపడ్డాను. ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ పాడవుతుందేమో అని దాన్ని పసిపిల్లలా చీరచెంగులో చుట్టి మోశాను. కరెంటు పోతుందేమో, ప్రింటరు రిబ్బన్ ఆరిపోతుందేమో అని వణికాను. కామాకు మాత్రం భయపడలేదు. చీమ తలకాయంత ఉండే కామా ఏనుగును ఏం చేస్తుంది అనుకున్నాను.

మామ ఇంట్లో మంచం మీద పడుకుని, కళ్ల మీద పచ్చగుడ్డ కప్పుకుని, మనసులో ఉన్న ఏనుగును చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. "కట్టు... కట్టు..." అని ఆగి, మంచంకోడు మీద వేలితో టక్కుమని కొట్టేవాడు. మళ్లీ టక్కు, మళ్లీ టక్కు, తర్వాత "కట్టు."

"మామా, ఆ టక్కు ఏంటి?"

"గది కట్టని జాగా, బిడ్డా."

"అయితే ఖాళీ అని చెప్పొచ్చు కదా?"

ఆయన గుడ్డ తీయకుండానే నొచ్చుకున్నాడు. "కట్టని జాగను నోట్లకెళ్లి అనరు. అంటే చెయ్యి గక్కడికే పోతది. మా నాయిన గూడ అనలే."

రెండు తరాల మౌనాన్ని నేనెలా కాదంటాను? గౌరవించాను. ఆయన కట్టు అంటే ఒకటి రాశాను. టక్కుమంటే ఏమీ రాయకుండా కామా మాత్రం పెట్టుకుంటూ పోయాను. చిలకకు పెట్టిన సున్నాలు ఏనుగుకు పెట్టలేదు. ఖాళీ అంటే ఖాళీయే కదా, కంప్యూటరుకు ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

తెలియదు. అది తరవాతి సంగతి.

కాగితాలు అచ్చయ్యాయి. అందులో బొమ్మ ఉండదు, ఏ దారం కట్టలో ఎక్కడినుంచి ఎక్కడిదాకా కట్టాలో అంకెలు మాత్రమే ఉంటాయి. మా అత్త వాటికి పసుపు బొట్టు పెట్టి దారం కట్టడానికి కూర్చుంది. మధ్యలో ఒకసారి, చిటికీలన్నీ ఒక్క దిక్కుకే వస్తున్నాయేంటి అని గొణిగింది. ఇదే ఆఖరి అవకాశం అని మీకు అర్థమైంది కదా, మాకు కాలేదు. నేను నోరు తెరిచేలోపే మామ కసిరాడు. "మిషినుకు అడ్డం చెప్పకు. నీకెరుకనా, దానికెరుకనా?" అత్త నోరు మూసుకుని చీరకు సరిపడా కట్టేసింది. ఎర్రరంగులో ముంచారు, ఎండబెట్టారు, కండెలు చుట్టారు. సువర్ణ మగ్గమెక్కింది. ఒక వరుస ఏనుగులు తేలగానే అత్త ఆ ప్రశ్న అడిగింది.

వెళ్లి చూశాను. ఏనుగు పోయింది తోక చిక్కింది అంటారు. మా దగ్గర తోక కూడా చిక్కలేదు. తొండం పొట్టలో కలిసిపోయింది. కాళ్లన్నీ ఎడమవైపుకు జరిగి ఒకదానికొకటి అతుక్కుని ఒకే లావు కాలైంది. రోకలి మీద గుమ్మడికాయ నిలబెట్టినట్టుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మొండివాడు నాకంటే చాలా నయం. నేను పట్టిన ఏనుగుకు ఒకటే.

మా ఆయన వచ్చి చూశాడు. గోడకు ఆనుకుని, ఊపిరాడనంతగా నవ్వాడు. "తపస్సు చేస్తున్నదే," అన్నాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. సువర్ణ నవ్వలేదు, ఏడవలేదు. చేతిలో పోగు తిప్పే నాడె పట్టుకుని, "పెండ్లి దాకా అయితదా వదినా?" అని మాత్రం అడిగింది. నేను వెంటనే ఫ్లాపీ తీసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఎవరిని తిట్టాలా అని ఆలోచించాను.

సెంటర్లో సారు నా కాగితం వైపు ఒక్క చూపు చూశాడు. "మేడం, రెండు కామాల మధ్య ఏమీ లేకపోతే ఆ ఫంక్షన్ రెండింటినీ ఒక్కటిగానే లెక్కేస్తుంది. ఖాళీని అసలు ఇవ్వదు, తర్వాతి కట్టు ఎడమకు జరిగి ముందుదానికి అతుక్కుంటుంది. సీ పుస్తకంలో ఉంది కదా."

ఉందట! ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉందట. ఉంటే గట్టిగా చెప్పాలి కదా! నేను అన్నం తినకపోతే పక్కింటావిడ కూడా గమనించి అడుగుతుంది. ఇంత ఖాళీని మింగి, ఒక్క త్రేన్పు కూడా త్రేన్చకుండా, అంతా సక్రమంగా జరిగినట్టు ముక్కలు అందించిందే, దాన్నేమనాలి? ఇంటికి దొంగ వస్తే కుక్కయినా మొరుగుతుంది. అటు ఈ ఫంక్షన్ చెప్పదు, ఇటు మా మామ చెప్పడు. ఇద్దరు మౌనమునుల మధ్య నా ఏనుగు నలిగిపోయింది.

ఆ రెడీమేడ్ కూరను పారబోశాను. వరుసను ఒక్కో అక్షరం చూసుకుంటూ నడిచి, కామా తగిలిన ప్రతిసారీ ముక్క ఉన్నా లేకున్నా చేతికిచ్చేలా సొంతంగా రాశాను. ఈసారి బుద్ధి వచ్చి, అంకెలతో పాటు నక్షత్రాలతో బొమ్మ కూడా తెర మీద చూపించమన్నాను. లైబ్రరీని మళ్లీ కట్టాను. ప్రోగ్రాం నడిపాను. తెర మీదికి ఒంటికాలి ఏనుగు వచ్చి నిలబడింది.

పిల్లలను తీసుకుని అప్పుడే సెంటరుకు వచ్చిన మా ఆయన, "దానికి గట్లనే ఇష్టమేమోనే," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. ఏం చేద్దామని లేచానో నాకే తెలియదు. ఇంతలో సారు, కొత్త సంచిని ప్రోగ్రాముతో మళ్లీ కలిపారా అని అడిగాడు. కలపలేదు. బొమ్మ చూపించే ముక్కను రాసి కలిపింది పాత సంచితోనే. నేను కొత్తది కుట్టి పక్కన పెట్టి, పాత చిరుగుసంచినే భుజాన వేసుకుని అంగడికి వెళ్లానన్నమాట. మళ్లీ కలిపి నడిపాను. ఈసారి నాలుగు కాళ్లు, తొండం, తోక. మా పిల్లవాడు వెనక నుంచి, "అమ్మా, ఏనుగొచ్చింది," అన్నాడు. సెంటర్లో అందరి ముందూ ఏడ్చాను.

రంగెక్కిన దారం మళ్లీ తెల్లబడదు. కొత్త దారం తెచ్చారు. అత్త, నేను, పక్కిళ్ల ఆడవాళ్లు కలిసి కట్టాం. మామ మంచం మీద నుంచి టక్కు టక్కుమంటూనే ఉన్నాడు, ఎవరూ అడగకపోయినా. ముందు నేసిన వరుసను కోసేద్దామంటే సువర్ణ వద్దంది. "లోపల చెక్కుకునే కొసే గద, ఎవరు చూస్తరు?" అంది. చీర పెళ్లి నాటికి అందింది. పీటల మీద సువర్ణ చుట్టూ నాలుగు కాళ్ల ఏనుగులు నడుస్తుంటే మామ పచ్చగుడ్డ ఎత్తి మరీ చూసుకున్నాడు. నేను మొదటిసారి కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాను.

పీల్చుకున్నది బయటికి వదలకముందే భోజనాల దగ్గర మా చిన్నది గొంతెత్తింది. పెళ్లికొడుకు తల్లి ముచ్చటపడి తానే లడ్లు వడ్డిస్తూ చీర బాగుందని మెచ్చుకుంటే, "లోపల ఒంటికాలి ఏనుగులు గూడ ఉన్నయి. మా అమ్మ చేసింది," అని చెప్పింది. చెప్పాల్సిన మామ చెప్పడు, చెప్పకూడనిది ఇది చెబుతుంది. ఏం వంశమండీ ఇది!

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. ఆవిడ బంతిలోనే కూర్చున్న తన కొత్త కోడలి వైపు తిరిగింది. సువర్ణ తల దించుకునే, నడుము దగ్గర చెయ్యి పెట్టుకుని, "నిజమే అత్తమ్మా. గవి మా వదిన నాకోసం పడ్డ తిప్పలు. గందుకే లోపల దాసుకున్న," అంది. ఆవిడ వచ్చి నా విస్తట్లో ఇంకో లడ్డు వేసింది. అది ఓదార్పో, నోరు మూయించడమో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి, తూర్పుకు తిరిగి గంభీరంగా ఒట్టేశాను. "ఇంకోపారి పుస్తకం చదవకుండ ఎవరో రాసిన ఫంక్షన్ను నమ్మి లైబ్రరీ కడితే, గా ఒంటికాలి ఏనుగొచ్చి నన్ను తొక్కాలె."

పిల్లవాడు అరుగు దిగి ఒంటికాలి మీద నిలబడి చూశాడు. "ఒక్క కాలితోని ఎట్ల తొక్కుతదమ్మా? కాలు లేపితే పడిపోతది గద?"

"అందుకే గింత ధైర్యంగ ఒట్టేస్తున్న. లేవున్రి, పోయి పండ్లు తోముకోన్రి."